మారుమూల ఆదివాసీ గ్రామాల్లో పండ్లు, కూరగాయల వినియోగాన్ని కొలిచేదెలా?

ప్రశ్న:
ఆస్ట్రేలియాలోని నార్తర్న్ టెరిటరీ ఆదివాసీ గ్రామాల్లో పండ్లు, కూరగాయల వినియోగంపై పరిశోధన ప్రతిపాదన రాస్తున్నాను. గడిచిన 24 గంటల్లో ఏం తిన్నారో అడిగి, అక్కడి మార్గదర్శకాల ప్రకారం 75 గ్రాముల కూరగాయలను, 150 గ్రాముల పండ్లను ఒక్కో వంతుగా లెక్కించాలనుకున్నాను. అయితే ఒకే గిన్నెలో వండినదాన్ని పదిమంది పంచుకునే ఇంట్లో ఎవరి వాటా ఎంతో తేల్చడం ఎలా?

మొదటి సమాధానం:
జ్ఞాపకంపై ఆధారపడకండి. ఇలాంటి చాలా గ్రామాల్లో సరుకులకు ఒకే దుకాణం ఆధారం కాబట్టి, అక్కడ అమ్ముడైన పండ్లు, కూరగాయల బరువును జనాభాతో భాగించే పద్ధతి ఎప్పటినుంచో వాడుకలో ఉంది. పండ్లు, కూరగాయల ధరను 20 శాతం తగ్గించి 20 గ్రామాల్లో జరిపిన షాప్ ఎట్ రిక్ అధ్యయనం కూడా దుకాణం అమ్మకాలనే కొలిచింది. రాయితీ కాలంలో వాటి కొనుగోళ్లు సుమారు 12.7 శాతం పెరిగాయని 2017లో ప్రచురించిన ఫలితాలు చెప్పాయి.

రెండవ సమాధానం:
పద్ధతి మంచిదే కానీ, చిక్కంతా ఆ భాగహారంలోనే ఉంది. అంత్యక్రియలకో, సంప్రదాయ క్రతువులకో కుటుంబాలు వారాల తరబడి వేరే ఊళ్లకు వెళ్తాయి, బయటివారు ఇక్కడికి వస్తారు. అలాంటప్పుడు అయిదేళ్లకోసారి జరిగే జనగణన సంఖ్యతో భాగిస్తే తలసరి లెక్క తప్పుతుంది. బయటినుంచి వచ్చి పనిచేసే ఉపాధ్యాయులు, నర్సులు కొనేది కూడా అదే దుకాణంలో. అడవిలో తవ్వుకున్న దుంపలు, కోసుకున్న అడవి రేగులు, అడవి టమాటాలు ఏ బిల్లులోనూ కనిపించవు. ఫ్రిజ్ పనిచేయని ఇంట్లో కుళ్లిపోయినవి మాత్రం తిన్నట్టే లెక్కలోకి వస్తాయి. కాబట్టి ఆ సంఖ్య ఊరి గురించి చెబుతుందే తప్ప, ఒక గర్భిణి ఎంత తిన్నదో చెప్పదు.

మూడవ సమాధానం:
వ్యక్తుల స్థాయిలో కావాలంటే వేలికొనపై కాంతిని ప్రసరింపజేసి చర్మంలోని కెరోటినాయిడ్లను (పండ్లు, కూరగాయల నుంచి ఒంట్లో చేరే రంగు పదార్థాలు) కొలిచే పరికరాలున్నాయి. సూది గుచ్చనక్కర లేదు. అయితే పొగతాగేవారిలో ఆ విలువ తక్కువగా వస్తుంది. బంగాళాదుంప, అరటి, యాపిల్‌లలో కెరోటినాయిడ్లు తక్కువ కాబట్టి వాటిని బాగా తినేవారు కూడా తిననివారిలా కనిపిస్తారు. చర్మానికి నల్లటి రంగునిచ్చే మెలనిన్ ప్రభావాన్ని ఎలా సవరిస్తారో కూడా ముందే సరిచూసుకోండి, లేకపోతే ఇక్కడ ఆ కొలత నిలవదు.

ప్రశ్న వేసినవారు:
అందరికీ ధన్యవాదాలు. దుకాణం అమ్మకాలను ఏడాదిపాటు సేకరించి, కొద్దిమందిలో చర్మ పరీక్షను జోడిస్తాను. బిల్లుల సమాచారం గ్రామస్థులదే కాబట్టి ముందుగా దుకాణ కమిటీని కలిసి అనుమతి కోరతాను. ప్రతి నెలా ఊళ్లో వాస్తవంగా ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టే బాధ్యతను స్థానిక ఆరోగ్య కార్యకర్తలకు జీతంతో అప్పగిస్తాను.