గొడుగును 'వేర్' చేయొచ్చా?

పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే ఒక కొరియా ఇంజినీరుకు వారానికి రెండు రోజులు ఇంగ్లిష్ చెప్తున్నాను. మొన్న వానలో వచ్చి "ఐ వోర్ యాన్ అంబ్రెల్లా" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, మనమూ "గొడుగు వేసుకుని వచ్చా" అంటాం కదా!

కొరియన్‌లో టోపీకీ కళ్ళజోడుకీ గొడుగుకీ ఒకటే క్రియ, స్సుదా. ఒంటి మీది బట్టలకు ఇప్‌తా, బూట్లకూ సాక్సులకూ సిన్‌తా, ఉంగరానికి క్కిదా, వాచీకి ఛాదా. (టోపీని వాళ్ళు మోజా అంటారు. మన హైదరాబాదులో మోజా అంటే కాలికి తొడిగేది!) ఇంగ్లిష్‌లో వీటన్నిటికీ వేర్ ఒక్కటే చాలు, ఆఖరికి సెంటుకీ గడ్డానికీ కూడా. గొడుగుకి మాత్రం కుదరదు. ఎందుకని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

అసలు తంటా ఇంకోటి. "ఐ వోర్ మై షూస్ అండ్ వెంట్ అవుట్" అంటాడు. వేర్ అంటే వేసుకుని ఉండటం, పుట్ ఆన్ అంటే వేసుకోవడం. కొరియన్‌లో 'ఇప్‌కో ఇత్తా' అంటే వేసుకుంటున్నాడనీ అవుతుంది, వేసుకుని ఉన్నాడనీ అవుతుంది. సందర్భాన్ని బట్టి తెలుసుకోవాల్సిందే.

ఇంతకీ 'ధరించు' కాకుండా, అన్నిటికీ సరిపోయే వాడుక మాట మనకేమైనా ఉందా?

జవాబు: ఒక్కటంటే లేదండీ. చీర కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం, బొట్టూ వాచీ పెట్టుకుంటాం, పూలు తురుముకుంటాం, సెంటు కొట్టుకుంటాం. 'వేసుకోవడం' చాలా దూరం వస్తుంది గానీ బొట్టు దగ్గర ఆగిపోతుంది. కొరియా వాళ్ళ కష్టం మనకు అర్థం కావాల్సిందే!

జవాబు: 'వేసుకుంటున్నాడు', 'వేసుకుని ఉన్నాడు' అని మనకు తేడా స్పష్టంగానే ఉంది. అయినా ఇంగ్లిష్‌లో మనదీ అదే తప్పు. పొద్దున బడి బస్సు వచ్చే టెన్షన్‌లో మా ఇంట్లో వినిపించేది "వేర్ యువర్ షూస్!" అనే. పుట్ ఆన్ అన్నవాళ్ళని నేనింతవరకు చూడలేదు.

జవాబు: నిజమేనండీ, నేనూ మా పాపతో అలాగే అంటాను. అతనికి మాత్రం ఒక కిటుకు చెప్పాను: గుమ్మం దగ్గర చేసేది పుట్ ఆన్, దారిలో ఉన్నంతసేపూ వేర్. నిన్న వెళ్తూ హెల్మెట్ తలకు పెట్టుకుని "పుట్ ఆన్" అన్నాడు. క్లిప్పు బిగించి, బండి స్టార్ట్ చేసి, గేటు దాటాక వెనక్కి తిరిగి అరిచాడు: "నౌ, వేరింగ్!"