ఉదయానికల్లా పడిపోతున్న పేజీ కౌంటర్: లోపం ఎక్కడ?

పట్నంబజారు, గుంటూరు:
నమస్కారం. మిర్చి యార్డులో పలికిన క్వింటాలు ధరలను తేజ, 334, బాడిగ రకాల వారీగా ఏ రోజుకారోజు పెట్టే చిన్న వెబ్‌సైటును నేను నడుపుతున్నాను. ధరల పేజీ అడుగున ‘ఈ పేజీని ఇంతమంది చూశారు’ అని కనిపించేలా, సర్వర్‌లో నడిచే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీలో ఒక కౌంటర్ రాసుకున్నాను. టెక్స్ట్ ఫైలులోని అంకెను చదివి, ఒకటి కలిపి, మళ్లీ అదే ఫైలులో రాయడమే అది చేసే పని. రాత్రిళ్లు బాగానే ఉంటుంది కానీ, ఉదయం కొనుగోళ్లు మొదలై అందరూ ఒక్కసారిగా ఫోన్లలో పేజీ తెరిచే వేళకు అంకె పడిపోతోంది. మొన్న 18,412 చూసి పడుకున్నాను; మర్నాడు పదిన్నరకు చూస్తే 37 ఉంది. ఒకేసారి ఇద్దరు ఫైలును మార్చకుండా వేసే తాళం ‘ఎఫ్‌లాక్’ కూడా పెట్టాను, ఫలితం లేదు. హోస్టింగ్ వారిని అడిగితే తమ వైపు లోపమేదీ లేదన్నారు.

గవర్నర్‌పేట, విజయవాడ:
వారు చెప్పింది నిజమేనండీ. మీరు ఫైలును ‘డబ్ల్యూ’ మోడ్‌లో, అంటే కొత్తగా రాసే పద్ధతిలో తెరిచి, ఆ తరువాత లాక్ వేస్తున్నారని నా అనుమానం. ఆ మోడ్‌లో ఫైలును తెరిచే ఆదేశం ఎఫ్‌ఓపెన్ పిలిచిన క్షణంలోనే ఫైలులో ఉన్నదంతా చెరిగిపోతుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, లాక్ పడేది ఆ తరువాతే. ఈ రెండింటి నడుమ రెప్పపాటులో మరో ఫోను నుంచి వచ్చిన అభ్యర్థన ఆ ఫైలును చదివితే దానికి ఏమీ కనిపించదు కనుక, సున్నాగా తీసుకుని, ఒకటి కలిపి, 1 అని రాసేస్తుంది. రాత్రి ఒకరిద్దరే వస్తారు కాబట్టి ఈ లోపం బయటపడదు.

ఫైలుతోనే సాగాలనుకుంటే, ఉన్నదాన్ని చెరపని ‘సీ ప్లస్’ మోడ్‌లో తెరిచి, ముందుగా లాక్ వేసి, అప్పుడు అంకెను చదివి, ఫైలును ఖాళీ చేసి, మొదటికి వచ్చి కొత్త అంకె రాసిన తరువాతే లాక్ వదలాలి. చదవడాన్ని లాక్ బయట ఉంచితే ఇద్దరూ 500 చదివి ఇద్దరూ 501 రాస్తారు, ఒక లెక్క గల్లంతవుతుంది. నన్నడిగితే ఇంత తిప్పలు అనవసరం. మీ హోస్టింగులో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఉంటే ‘వ్యూస్ = వ్యూస్ + 1’ అనే ఒక్క అప్‌డేట్ వాక్యం చాలు. దానికి ముందు సెలెక్ట్‌తో చదివి, పీహెచ్‌పీలో ఒకటి కలిపారంటే మాత్రం కథ మొదటికొస్తుంది.

కృష్ణలంక, విజయవాడ:
పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను కానీ, ‘ఇంతమంది చూశారు’ అన్న మాట మార్చండి. ఒకే వ్యాపారి పదిసార్లు రిఫ్రెష్ చేసినా, గూగుల్ తరఫున పేజీలు చదివే ప్రోగ్రాం గూగుల్‌బాట్ వచ్చి వెళ్లినా మీ కౌంటర్ పెరుగుతుంది; అది తెరిచిన సార్ల లెక్కే తప్ప మనుషుల లెక్క కాదు. పోనీ ఐపీ అడ్రసును బట్టి మనుషులను లెక్కిద్దామా అంటే, మొబైల్ నెట్‌వర్కుల్లో ఎన్నో ఫోన్లు ఒకే ఐపీ వెనుక ఉంటాయి కనుక యార్డులో సగంమంది మీకు ఒక్కరుగానే కనిపించవచ్చు. మరొకటి, రేపు సైటుకు పేజీ క్యాష్, అంటే ఒకసారి తయారైన పేజీని దాచి అందరికీ అదే పంపే ఏర్పాటు పెడితే, క్యాష్ నుంచి వెళ్లిన పేజీకి పీహెచ్‌పీ నడవదు, కౌంటర్ కదలదు. పేజీ తెరుచుకున్నాక, చూసేవారి బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ ద్వారా వేరొక చిరునామాకు చిన్న పోస్ట్ అభ్యర్థన పంపి అక్కడ లెక్కిస్తే ఈ చిక్కు ఉండదు. జావాస్క్రిప్ట్ నడపని బాట్‌లు కూడా లెక్కలోకి రావు.

పట్నంబజారు, గుంటూరు:
డబ్ల్యూ మోడే! మైఎస్‌క్యూఎల్‌కు మారాను, అంకె పడిపోవడం ఆగింది. అయితే ప్రతి పేజీకీ వేరు లెక్క ఉండాలని పేజీ చిరునామానే డేటాబేస్‌లో ఆ పేజీని గుర్తించే కీగా పెడితే, ‘గుంటూరు-మిర్చి-తేజ’, ‘గుంటూరు-మిర్చి-బాడిగ’ పేజీలు రెండూ ఒకే అంకె చూపుతున్నాయి. ఆ కాలమ్‌ను వార్‌క్యార్ 100గా, అంటే 100 గుర్తుల వరకే పట్టేలా పెట్టాను.

గవర్నర్‌పేట, విజయవాడ:
ఇది తెలుగు చిరునామాలు వాడే మనబోటివారికే ఎదురయ్యే చిక్కు. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికి మూడు బైట్లు పడతాయి, చిరునామాలో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులవుతుంది, అంటే అక్షరానికి తొమ్మిది. గుణింతపు గుర్తులూ పొల్లూ సున్నా కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి కనుక ‘గుంటూరు’ ఒక్కటే 63, ‘మిర్చి’ మరో 54. తేజ, బాడిగ అన్న మాటల దాకా రాకముందే మీ 100 నిండిపోయింది. మీ సర్వర్‌లో స్ట్రిక్ట్ మోడ్ ఆపి ఉన్నట్టుంది, లేకుంటే నిశ్శబ్దంగా కత్తిరించకుండా ఎర్రర్ ఇచ్చేది. కాలమ్ పెంచడం కన్నా ప్రతి పేజీకీ ఒక సంఖ్య ఇచ్చి దాన్నే కీగా పెట్టుకోండి.

పట్నంబజారు, గుంటూరు:
సంఖ్యలు ఇచ్చాను, లెక్కలు విడిపోయాయి. ధరల పేజీని 18,412 నుంచే మొదలుపెట్టి, కింద ‘ఇన్నిసార్లు తెరిచారు’ అని మార్చాను. ఇద్దరికీ ధన్యవాదాలు.