బొందల గడ్డ, కాడు, సమాధుల తోట: మీ ఊళ్ళో ఏమంటారు?

అందరికీ నమస్కారం. దీపావళికి కరీంనగర్ పోయొచ్చినప్పటి నుంచి ఒక మాట నన్ను వదలడం లేదు. అక్కడి కార్ఖానగడ్డ శ్మశానంలో దళిత కుటుంబాలు దీపావళి చేసుకుంటాయని ఆ జిల్లావాళ్ళకు తెలిసే ఉంటుంది. పండుగకు ముందే గడ్డి పీకి, చెత్త ఊడ్చి, సమాధులకు సున్నమో రంగో వేసుకుంటారు. ఆ సాయంత్రం పూలు చల్లి, పోయినవాళ్ళకు ఇష్టమైన వంటలు పెట్టి, దీపాలు వెలిగిస్తారు. పిల్లలు అక్కడే పటాకులు కాలుస్తారు. నేను నిలబడ్డ చోటికి దగ్గరలో ఒక అవ్వ ప్రమిదలో నూనె పోస్తూ మనవణ్ణి పిలిచింది: "ఇటు రారా, తాతకు దీపం పెట్టు." సమాధికి అనలేదు. తాతకు అంది.

మా ఇంట్లో "నీ బొంద" అనేది రోజూ వినబడే తిట్టు. బొంద అంటే గొయ్యి. బొందపెట్టుడు అంటే పూడ్చడం. ఆ బొందలున్న చోటు బొందల గడ్డ. చిన్నప్పటి నుంచి అంటూనే ఉన్నాను గానీ, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజు దాకా ఆలోచించలేదు. ఆ చోటికి మీ ఊళ్ళో ఏ పేరుందో రాయండి. పేరుతో పాటు, అక్కడికి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఏమని చెప్పి వెళ్తారో కూడా రాయండి.

*తెనాలి నుంచి జవాబు:*

మేము సమాధుల తోట అంటామండీ. యేసును ఉంచిన సమాధి తోటలోనే ఉందని యోహాను సువార్తలో ఉంది కదా, మాకు ఆ మాట సహజంగానే అనిపిస్తుంది. నవంబరు 2న సమాధుల పండుగ. ముందు రోజే పిచ్చి మొక్కలు కొట్టి, సున్నం వేయించి, బంతిపూల దండలు సిద్ధం చేసుకుంటాం. సాయంత్రం కొవ్వొత్తులు. మా నాయనమ్మ పలక మీద "ప్రభువునందు నిద్రించెను" అని ఉంటుంది. "చనిపోయెను" అని చెక్కించాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. ఇంట్లో చెప్పేది ఒకటే మాట: "నాయనమ్మ దగ్గరికి వెళ్ళొస్తాం."

*మరొక జవాబు:*

నిద్ర అనే మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. "శ్మశానం" అన్న మాటను యాస్కుడు వేదపదాల అర్థాలు చెప్పే నిరుక్తంలో "శ్మశయనం" అని విడదీశాడు. శ్మ అంటే శరీరం, శయనం అంటే పడక. ఒంటికి పడక అన్నమాట. ఇంగ్లీషులో సెమెటరీ అనే మాటకు మూలమైన గ్రీకు పదానికీ నిద్రపోయే చోటనే అర్థం. రెండింటికీ చుట్టరికం లేదు, ఆలోచన ఒకటే. యజ్ఞవిధులు చెప్పే వైదిక గ్రంథం శతపథ బ్రాహ్మణం 13వ కాండలో శ్మశానమంటే కాల్చే చోటు కాదు. అస్థికల మీద కొలతలు చూసి, దిక్కు చూసి కట్టే మట్టి దిబ్బ. అంటే శ్రద్ధగా కట్టుకునేది.

కాడు అచ్చమైన ద్రావిడ పదం. నాడు–నాటి, ఏడు–ఏటి లాగే కాడు–కాటి. కాటికాపరి, "కాటికి కాళ్ళు చాచిన" అన్నవి అలా వచ్చినవే. తమిళంలో పూడ్చే చోటు ఇడుకాడు, కాల్చే చోటు సుడుకాడు. ఆ "ఇడు" మన "బొట్టు ఇడు"లో ఉన్నదే, అంటే పెట్టడం. మన "బొందపెట్టు"లో ఉన్నదీ ఆ భావమే.

ఇక సమాధి అంటే అసలు చిత్తాన్ని ఒకచోట నిలపడం. అష్టాంగ యోగంలో ఎనిమిదోది. యోగుల్ని దహనం చేయకుండా కూర్చోబెట్టి పూడ్చేవారు. వాళ్ళ స్థితికున్న పేరే ఆ కట్టడానికీ వచ్చింది. 1671లో మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ప్రవేశించినదాన్ని బృందావనం అంటాం. మన పెరటి తులసి కోటకూ అదే పేరు. ఇంతకంటే పచ్చని పేరు నాకు కనబడలేదు.

*హైదరాబాద్ నుంచి:*

గోరీని మరిచిపోయారు. పారసీ "గోర్" మనకు గోరీ అయింది. "గోరీ కట్టడం" అని తిట్టుగానూ వాడేశాం. కానీ ముస్లింలు పోయినవాళ్ళను తలచుకునే షబ్-ఎ-బరాత్ రాత్రి మా వీధివాళ్ళు గోరీల మీద పూలు చల్లి దీపాలు పెడుతుంటే ఆ మాటలో తిట్టు వినబడదు. ఇంకొకటి. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1798లో పోయాడు. ఆయన్ను ఇక్కడివాళ్ళు మూసా రాం అన్నారు, మూసా రహీం అన్నారు. సమాధి మలక్‌పేట దగ్గర గుట్ట మీద ఉంది. చాలా ఏళ్ళు ఆయన వర్ధంతికి జనం ధూపం వేసి దీపం పెట్టేవారు. మూసారాంబాగ్ ఆయన పేరే.

*మొదట అడిగినవారు:*

అందరికీ కృతజ్ఞతలు. చదువుతుంటే నాకొకటి తట్టింది. మాది కాల్చే ఇల్లు. కాటి నుంచి వెనక్కి తిరిగి చూడకుండా రమ్మంటారు, రాగానే తలస్నానం. అస్థికలు గోదావరిలో కలిపాక మళ్ళీ వెళ్ళడానికి చోటే లేదు. అందుకే మా నోట ఆ చోటి మాటలన్నీ భయంగానో తిట్టుగానో మిగిలాయి. ఏటేటా వెళ్ళి గడ్డి పీకేవాళ్ళ నోట అదే చోటు తోట, పండుగ, తాత, నాయనమ్మ. మా నాన్నకు దీపం పెట్టడానికి నాకు అలాంటి చోటు లేదని ఆ సాయంత్రం మొదటిసారి బాధపడ్డాను.

ఒక మాట అడగాలి. మనం రోజూ తిరగేసే నిఘంటువు చేసిన సి. పి. బ్రౌన్ 1884 డిసెంబరులో లండన్‌లో కన్నుమూశారు. అక్కడి కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉన్నారు. అక్కడి తెలుగువాళ్ళు ఆ సమాధిని బాగుచేయించి పూలు పెట్టి వస్తుంటారు. మీలో ఎవరైనా వెళ్ళినవాళ్ళుంటే చెప్పండి. ఎక్కడికి అని ఇంట్లో అడిగితే మీ నోట ఏ మాట వచ్చింది? శ్మశానానికి అన్నారా, బ్రౌన్ గారి దగ్గరికి అన్నారా?