అమెరికాలో వేయించుకున్న టీకాతో అమ్మగారి భుజం పట్టేసింది, పరిహారం అడగవచ్చా?

ప్రశ్న (రావులపాలెం నుంచి):
మా అమ్మగారు నిరుడు అట్లతద్ది వెళ్ళిన మర్నాడు, న్యూజెర్సీలో మా తమ్ముడి ఇంటి దగ్గరి మందుల షాపులో ఫ్లూ టీకా వేయించుకున్నారు. జాకెట్టు చెయ్యి పైకి పోకపోవడంతో మెడ దగ్గర నుంచి పక్కకు లాగి పట్టుకుంటే, భుజం ఎముక అంచుకు ఆనుకునే సూది వేశారట. ఆ రాత్రే నొప్పి మొదలైనా, టీకా నొప్పే కదా అని కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె రాసుకుంటూ, సంక్రాంతికి ఇంటికి వచ్చేదాకా డాక్టరుకు చూపించుకోలేదు. తొమ్మిది నెలలైంది, కుడి చెయ్యి జడముడి దాకా లేవడం లేదు. రాజమండ్రిలో తీయించిన ఎం.ఆర్.ఐ.లో కీలు దగ్గరి తిత్తి వాచిందని వచ్చింది. పరిహారం అడుగుదామంటే, సూది వేసిన అమ్మాయి ఉద్యోగం పోతుందేమోనని అమ్మ వెనకాడుతున్నారు.

జవాబు 1:
ఆ అమ్మాయి మీద కేసు పడదని అమ్మగారికి చెప్పండి. 1986 నాటి చట్టం ప్రకారం అక్కడ టీకా గాయాలకు ప్రత్యేక నిధి ఉంది. ఫ్లూ టీకా డోసుకు 75 సెంట్ల చొప్పున వసూలు చేసే సుంకం దానిలోకే వెళ్తుంది. దావాలో ప్రతివాది అమెరికా ఆరోగ్య శాఖ కార్యదర్శి. తప్పు ఎవరిదో నిరూపించనక్కరలేదు. ఆ నిధి కింద పరిహారం దొరికే గాయాల పట్టికలో భుజం గాయాన్ని 2017లో చేర్చారు. నొప్పి 48 గంటల లోపు మొదలై, ఆరు నెలలకు మించి బాధ మిగిలి ఉండాలి. తొలి లక్షణం కనబడిన మూడేళ్ళలోపు ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టులో దాఖలు చేయాలి. సహేతుకమైన ఆధారంతో వేసిన దావా అయితే, ఓడినా లాయరు ఫీజు నిధి నుంచే ఇప్పించవచ్చు.

జవాబు 2:
నాకు మాత్రం డాక్టరుకు చూపించుకోని ఆ మూడు నెలల ఖాళీయే గుచ్చుకుంటోంది. నొప్పి మొదలైన రోజు రికార్డులో లేకపోయినా కోర్టు ఇతర సాక్ష్యంతో నిర్ణయించగలదు కానీ, వైద్య రికార్డుగానీ వైద్యుల అభిప్రాయంగానీ లేకుండా మన మాట ఒక్కదాని మీదే పరిహారం ఇవ్వదు. అప్పట్లో అమ్మగారు పంపిన వాట్సాప్ మెసేజీలు చెరిపేయకండి. షుగరు ఉందా? ఉంటే, భుజం పట్టేయడానికి అదే కారణమని అవతలివారు వాదించవచ్చు. టీకా చీటీలో ఏ చెయ్యి అని రాశారో కూడా చూడండి. అక్కడ తప్పు పడటం కొత్తేమీ కాదు.

ప్రశ్న అడిగినవారు:
షుగరు లేదండి. చీటీలో మాత్రం ఎడమ చెయ్యి అని ఉంది. అయితే మర్నాడే అమ్మ మా పిన్నికి పంపిన వాయిస్ మెసేజీ దొరికింది: "కుడి చెయ్యి పైకి లేవట్లేదే, జడ కోడలే వేసింది." దాన్ని తమ్ముడికి పంపి, లాయరును కలవమన్నాను.