ముంబైలో పాత ఎల్పీ రికార్డులు: ఒక్క పూటలో అయ్యే పనేనా?

వచ్చే వారం పిల్లలతో ముంబై వెళ్తున్నామండీ. గేట్‌వే, ఎలిఫెంటా, జుహూ అన్నీ మా ఆవిడ లిస్టులో ఉన్నాయి. బతిమాలితే నాకు శనివారం ఒక్క పూట దక్కింది. పాత సామాన్లమ్మే చోర్ బజార్‌లో మటన్ స్ట్రీట్‌కి వెళ్లి, పాత పాటల ఎల్పీలు (పెద్ద గ్రామఫోన్ రికార్డులు) వెతుకుదామని ఆశ. అక్కడ ఘంటసాల రికార్డుల్లాంటివి దొరుకుతాయా, అన్నీ హిందీవేనా? బేరం ఎంత నుంచి మొదలుపెట్టాలి?

పోయినసారి కోల్‌కతా ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో కవరు చూసి మురిసిపోయి ఒకటి కొన్నాను. ఇంటికొచ్చి తీస్తే లోపల వేరే రికార్డు! పైగా గోరుకు తగిలేంత గీత. ఈసారి బయటికి తీసి, వెలుతురులో ఏటవాలుగా పట్టి చూస్తాను.

ఇంకోటి, 12 అంగుళాల రికార్డులు రైల్లో వంగిపోకుండా ఎలా తెస్తారు? సూట్‌కేసులో పడుకోబెట్టాలా, నిలబెట్టాలా? మా ఆవిడ సూట్‌కేసులో మాత్రం చోటు లేదట.