చిన్న బోటును ఇంటి కారుకు కట్టి లాగొచ్చా?

గాలం_శ్రీకాకుళం:
అందరికీ నమస్కారం. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోట ఆదివారాలు గాలం వేస్తుంటాను. ఈమధ్య 14 అడుగుల పాత ఫైబర్ బోటు కొన్నాను. బోటు, ఇంజిన్, రెండు చక్రాల ట్రైలర్ అన్నీ కలిపి 400 కిలోలు. మాది మామూలు చిన్న కారు, 900 కిలోల లోపే. టౌన్లో వెల్డింగ్ షాపతను వెనక హుక్ పెట్టేస్తానంటున్నాడు. ఇంటి నుంచి రేవుకి సుమారు పాతిక కిలోమీటర్లు. మా ఆవిడ వద్దంటోంది, మా బావ పర్వాలేదంటున్నాడు. మీరేమంటారు?

చింతపల్లి_అల:
నిక్షేపంగా లాగొచ్చు తమ్ముడూ. విజయనగరం నుంచి చింతపల్లి బీచ్‌కి రెండేళ్లుగా చిన్న కారుతోనే తీసుకెళ్తున్నాను. గంటకు 40 దాటను. ప్రతి ఆదివారం వ్యాన్‌కి కిరాయి ఇవ్వాలంటే మనలాంటి వాళ్ల వల్ల కాదు. అయిదుగురు ఎక్కితేనే 350 కిలోలు. అది మోసే కారు, ఒక్కడే ఉన్నప్పుడు 400 ఎందుకు లాగదు?

నాగావళి_ఒడ్డు:
అన్నా, లాగుతుంది. నా భయమంతా ఆపడం గురించే. కార్లో కూర్చున్న మనుషుల బరువు బ్రేకులున్న నాలుగు చక్రాల మీద పడుతుంది. ట్రైలర్ చక్రాలకు బ్రేకుల్లేవు. మనం బ్రేక్ నొక్కగానే ఆ 400 కిలోలూ వెనక నుంచి కారును తోస్తాయి.

ఇది చదివి చెప్పడం లేదు. ఆరేళ్ల క్రితం గార వైపు రోడ్డు మీద నేనూ ఇలాగే వస్తున్నాను. మలుపు తిరగ్గానే రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోసి ఉంది. బ్రేక్ వేశాను. కారు ఆగేలోపే ట్రైలర్ పక్కకి తిరిగి, కారు వెనక భాగాన్ని ఈడ్చేసింది. బోటు రోడ్డుకి అడ్డం పడింది. వెనక సీట్లో మా పిల్లలిద్దరూ ఉన్నారు. ఎదురుగా ఏ బండీ రాలేదు కాబట్టి ఈ రోజు ఇది రాస్తున్నాను.

తప్పెక్కడ జరిగిందో తర్వాత తెలిసింది. ఇంజిన్‌ని బోటు వెనకే వేలాడదీసి ఉంచాను. బరువంతా ట్రైలర్ ఇరుసుకి వెనక పడితే ముందు కొక్కెం పైకి లేస్తుంది, కారు వెనక టైర్లకు పట్టు తగ్గుతుంది, ట్రైలర్ తోకలా ఊగుతుంది. మొత్తం బరువులో పదో వంతు, అంటే మీ లెక్కకి 40 కిలోల దాకా, కొక్కెం మీద దిగాలి. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ మీద ట్రైలర్ ముక్కు ఆనిస్తే తెలిసిపోతుంది. ఇంజిన్ విప్పి డిక్కీలో పెట్టండి. బోటులో నిలిచిన వాన నీళ్లు తోడేయండి, లీటరుకి కిలో చొప్పున వంద లీటర్లంటే వంద కిలోలు.

చింతపల్లి అన్నా, గంటకు 40 దాటనన్నారు, అది చాలా మంచి పని. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. ఒకవేళ ఊగడం మొదలైతే గట్టిగా బ్రేక్ వేయకండి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పకండి, యాక్సిలరేటర్ మీద కాలు తీసేయండి.

ఇన్ని చెప్పినా నా మాట వద్దనే. ముందు కారు మాన్యువల్ చూడండి. కంపెనీ ట్రైలర్ లాగొద్దంటే అక్కడితో ఆపేయాలి, ఎంత గట్టి వెల్డింగ్ చేయించినా ఆ మాట మారదు. ఇంకోటి, 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. దానికీ రిజిస్ట్రేషన్ కావాలి.

బందరువానిపేట_కుర్రోడు:
మాది వేట కుటుంబం. అసలు బోటుని రోజూ ఇంటికెందుకు తేవాలండీ? మేము ఒడ్డు మీదికి లాగేసి ఇంజిన్ ఒక్కటే ఇంటికి తెచ్చుకుంటాం. ఇంకో సంగతి, ఇసకలోకి కారు దించకండి. మీ కార్లకి ముందు చక్రాలే లాగుతాయి. బరువు వెనక పడితే అవి తిరుగుతూ ఇసక తోడుకుంటాయి, బండి కూరుకుపోద్ది. మేము ట్రాక్టర్‌తో తీసిన కార్లున్నాయి.

చింతపల్లి_అల:
ఒడ్డున వదిలేయడం మామూలు రోజుల్లో బాగానే ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఏం జరిగిందో మన జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు ట్రాక్టర్లు దొరకవు. సొంత కారు, సొంత ట్రైలర్ ఉంటే ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు.

నాగావళి_ఒడ్డు:
తుఫాను మాట నిజం అన్నా, కాదనను. కానీ ఆ గాలిలో, వాన పడ్డ రోడ్డు మీద బ్రేకుల్లేని ట్రైలర్‌తో వెళ్లడం ఇంకా ప్రమాదం. హెచ్చరిక రెండు మూడు రోజుల ముందే వస్తుంది. అప్పుడే నలుగురు కలిసి ఒక వ్యాన్ మాట్లాడుకుంటే తలా కొంత పడుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో బోటుని ముందే లోపలికి తెచ్చేసుకున్నా సరే.

గాలం_శ్రీకాకుళం:
అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడే మాన్యువల్ తీశాను. ట్రైలర్ లాగడానికి ఈ కారు తయారు చేయలేదని స్పష్టంగా రాసుంది. హుక్ పని వద్దని షాపతనికి ఫోన్ చేశాను. బోటు మొదటిసారి రేవుకి వ్యాన్‌లోనే వెళ్తుంది. బందరువానిపేట తమ్ముడూ, మీ ఒడ్డున కొబ్బరి చెట్ల కింద చోటు దొరుకుతుందా? నెలకింతని ఇస్తాను.

చింతపల్లి_అల:
నేనింకా లాగడం మానను. కానీ ఇంజిన్ వెనకే వేలాడుతోంది, అది నిజం. ఈ ఆదివారం ముక్కు బరువు తూచి ఎంతుందో ఇక్కడే రాస్తాను.