సమస్య: చచ్చినట్టివాఁడె చంపవచ్చె

ఇచ్చిన ఈ వాక్యమే చివరి పాదంగా పద్యం అల్లాలి; ఈసారి పూరణ ఆటవెలదిలో. సందర్భం జాంబీ (చచ్చి లేచి మనుషుల మీదపడే శవాల) చిత్రం: లోకమంతా పోయింది, దారులు తెగిన ఒక మారుమూల పల్లెలో నలుగురు మిగిలారు. చుట్టూ కంచె, కొట్టులో కాసిని గింజలు. "చచ్చినవాడు చంపడమేమిటి?" అని వేరే చోట అడగాలి. ఇక్కడ అదే కథ కాబట్టి సమస్య మరీ తేలికైపోయిందేమోనని నా బెంగ.

మొదటి పూరణ

కంచె దాటి యొకఁడు కఱవంగ రోగమ్ము
అంటి, కనులు మూసె నన్న, పిదప
మట్టి తోసి లేచి మా తల్లినే నేఁడు
చచ్చినట్టివాఁడె చంపవచ్చె.

"మట్టి తోసి లేచి" కళ్లకు కట్టింది. అయితే "రోగమ్ము / అంటి" దగ్గర విసంధి, అంటే కలపాల్సిన సంధిని కలపకపోవడం. పాదం మారినంత మాత్రాన సంధి తప్పించుకోలేం. "సోఁకఁ గనులు మూసె సోదరుండు" అంటే సరి.

రెండవ పూరణ

తలుపు వేసి యున్న తావులో జబ్బైన
పాప లేచి తాపి పట్టి, తల్లి
గుండెలోనఁ బొడిచెఁ గూఁతురే, యక్కటా
చచ్చినట్టివాఁడె చంపవచ్చె.

ఇది జార్జ్ రొమేరో 1968లో తీసిన 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్'లోని నేలమాళిగ ఘట్టం. ఆ చిత్రంలో "జాంబీ" అన్న మాటే వినపడదు, పాప చేతిలోని మేస్త్రీ తాపీ మాత్రం మరపురాదు. గణాల కోసం తాపీని "తాపి" చేశారు. తాపీగా చదివితే దొరికింది లెండి! అసలు చిక్కు వేరే: పొడిచింది కూతురైతే "వాఁడె" ఎలా కుదురుతుంది? కొడుకని మారిస్తే వ్యాకరణం నిలుస్తుంది, ఘట్టం పోతుంది. "పాప" ఉండగా మళ్లీ "కూఁతురే" కూడా ఎందుకు?

మరొకరి పూరణలో "మంచు కురిసె దారి మూసిపోయె" అన్న పాదానికి యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) తప్పింది. "మం"కు "మూ" చెల్లదు. "మాయమయ్యె" అనండి, దారీ మూసుకుపోతుంది, యతీ కుదురుతుంది.

మూడవ పూరణ

బయట శవము లుండ భయమేమి? లోపల
గింజ లింక లేవు, గిన్నె పట్టి
బిడ్డ వచ్చి నిలువఁ బెద్దవాఁడు మనసు
చచ్చినట్టివాఁడె చంపవచ్చె.

ఇదీ పూరణంటే! సమస్యలో అక్షరం కదపకుండా, ముందు పాదం చివర "మనసు" అన్న ఒక్క మాట పెట్టి శవాన్ని బతికున్నవాడిగా మార్చేశారు. రొమేరో చిత్రంలోనూ అంతే కదా. రాత్రంతా శవాలను తప్పించుకుని ఒక్కడు తెల్లవారే దాకా మిగులుతాడు. వాడిని కాల్చి చంపింది కాపాడటానికొచ్చిన మనుషులే, శవమనుకుని. "బిడ్డ", "బెద్ద" యతి కూడా హాయిగా పడింది. గిన్నె పట్టుకుని నిలబడ్డ ఆ పిల్ల నాకు ఇంకా కనపడుతోంది.

మొదటి పూరణ కవి సమాధానం: సవరణకు ధన్యవాదాలండీ. కానీ "సోదరుండు" అంటే నాకు ఏడుపు రావడం లేదు, అన్న అన్నే కావాలి. ఇలా మార్చాను:

కంచె దాటి యొకఁడు కఱవంగ రోగమ్ము
తగుల, నన్న తుదకుఁ దనువు విడిచె;

తక్కినది యథాతథం.

భేష్, నా సవరణ కన్నా ఇదే నయం. అన్న తనువు విడిచాడు సరే, ఆ తనువు మాత్రం ఇంటిని విడవలేదన్నమాట!